కారు నేర్చుకుందాం - 6వ పాఠం: కళ్లు రోడ్డు మీద, మనసెక్కడ?

పోయిన పాఠంలో అద్దాలు చూసుకోవడం అలవాటు చేసుకున్నాం. ఈసారి స్టీరింగ్ ముట్టుకోవద్దు. పక్క సీట్లో కూర్చుంటే చాలు.

ముందు ఒక లెక్క. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. వాట్సాప్‌లో మెసేజ్ ఎవరిదో చూడ్డానికి రెండు సెకన్లు పట్టిందనుకోండి, 44 మీటర్లు రోడ్డు చూడకుండానే నడిపేసినట్టు. కావలి, సింగరాయకొండ మధ్య హైవే మీద రాంగ్ రూట్లో బైకులు ఎదురొచ్చినవాళ్లకు 44 మీటర్లంటే ఏమిటో చెప్పక్కర్లేదు.

2019 సవరణ తర్వాత, ఫోన్ చేత్తో పట్టుకుని నడిపితే మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం అది ప్రమాదకరమైన డ్రైవింగే. మొదటిసారికే 5,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు, జైలు కూడా ఉంది. అందుకని చాలామంది బ్లూటూత్ పెట్టుకుని ఇక భయం లేదనుకుంటారు. నేను ఒప్పుకోను. చేతులు స్టీరింగ్ మీదే ఉంటాయి, చూపూ ముందుకే ఉంటుంది, కానీ చూసింది బుర్రకెక్కదు. పక్కన కూర్చున్న మనిషైతే లారీ అడ్డం రాగానే మాట ఆపేస్తాడు. ఫోన్లో ఉన్నాయనకు ఆ లారీ ఎలా కనపడుతుంది?

నమ్మకం కుదరకపోతే ఇది చేసి చూడండి. మీ అన్నో, బావో ఒంగోలు నుంచి చీమకుర్తి వైపు నడుపుతుంటే పక్కన కూర్చోండి. కనపడేదీ, జరగబోయేదీ మెల్లగా పైకి చెప్పండి: "ముందు గ్రానైట్ రాళ్ల లారీ, నిదానంగా పోతోంది. వెనక బైకు దాన్ని దాటబోతోంది. ఎడం పక్క ఆటో ఆగింది, ఎవరైనా దిగొచ్చు." బావ నవ్వుతాడు, నవ్వనివ్వండి. పది నిమిషాలయ్యాక ఇంటికి ఫోన్ చేసి, తేలని విషయం ఏదైనా తీయండి. పెళ్లి ఖర్చో, పొలం కౌలో. మాట్లాడుతూనే రోడ్డునూ గమనించండి. చీమకుర్తిలో బండి ఆపాక, ఫోన్లో ఉన్నంతసేపూ ఎదురైన బండ్లేమిటో చెప్పమని బావనే అడగండి. మీకు గుర్తున్నవాటితో పోల్చుకోండి.

మ్యాప్ పెట్టుకోవడం, పాటలు ఎంచుకోవడం బండి కదలకముందే. అర్జెంటు ఫోనొస్తే పెట్రోలు బంకులోకి తిప్పండి. హైవే అంచున ఆపితే అదో ప్రమాదం.

వచ్చే పాఠంలో ఇదే అభ్యాసం, స్టీరింగ్ మీ చేతిలో పెట్టుకుని. ఫోన్ డిక్కీలో.