పిల్లలతో డీమన్ స్లేయర్ సినిమాకి వెళ్లే నాన్నలకు

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. కొబ్బరి మార్కెట్లో గుమాస్తాని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాయల లెక్కలు, లారీ బిల్లులు. జపాను బొమ్మల కథలు నాకెందుకు తెలుస్తాయి? మా చిన్నమ్మాయి ఇంటర్ రెండో ఏడు. దాని పుణ్యమా అని తెలిసింది.

డీమన్ స్లేయర్ అని జపాను బొమ్మల సిరీస్ ఒకటుంది, దాని సినిమా ‘ముగెన్ ట్రైన్’ని మొదటిసారి ఇంట్లో టీవీలో పెట్టింది. సిరీస్ ఒక్క ఎపిసోడ్ కూడా చూడకుండా నేరుగా సినిమాకి కూర్చున్నాను. “ఆ కుర్రాడి వీపు మీద పెట్టెలో ఆడపిల్ల ఎందుకుందే? దాని నోట్లో వెదురుముక్కేంటి? ఆ పంది తలోడు మనిషా, రాక్షసుడా?” అని ఐదు నిమిషాలకోసారి అడిగాను. “నువ్వు పడుకో నాన్నా” అంది. పడుకున్నాను కూడా. ఆ సినిమాలో రైలెక్కిన వాళ్లంతా నిద్రపోతారని తర్వాత తెలిసింది. పర్లేదు, కథలో కలిసిపోయానన్నమాట.

తప్పు ఎక్కడ జరిగిందో మా తీర్థంలో నాటకం చూస్తుంటే వెలిగింది. పడక సీనుతో నేరుగా మొదలెట్టినా అక్కడ ఎవరికీ ఇబ్బంది ఉండదు. కృష్ణుడు దొంగనిద్ర ఎందుకు పోతున్నాడో, అర్జునుడు కాళ్ల దగ్గరే ఎందుకు నిలబడ్డాడో మామ్మ మనకి చిన్నప్పుడే చెప్పేసింది. ఈ సినిమా కూడా పడక సీనే. కాకపోతే దీని భారతం మనకి చెప్పిన మామ్మ లేదు. ఇంట్లో పిల్లలే చెప్పాలి.

అందుకని టిక్కెట్ల సంగతి తర్వాత, ముందు పిల్లల్ని ఒక్క మాట అడగండి: “ఇది కథలో ముక్కా, పక్క కథా, అతుకుల బొంతా?” పక్క కథ అంటే డోరేమాన్ సినిమాల్లాంటివి. 1980 నుంచి దాదాపు ఏటా ఒకటి వస్తోంది. దేని కథ దానిదే, ఏమీ చూడకపోయినా వెళ్లిపోవచ్చు. అతుకుల బొంత అంటే టీవీ ఎపిసోడ్లనే కలిపి హాల్లో వేసేది. డీమన్ స్లేయర్‌లోనూ 2023లో అలాంటిదొకటి వచ్చింది. టీవీలో చూసినవాళ్లకి దానికి డబ్బులు దండగని నా లెక్క, మా అమ్మాయి ఒప్పుకోదు. కథలో ముక్క అయితే మాత్రం ముందు చదువుకుని వెళ్లాల్సిందే. ముగెన్ ట్రైన్, మొన్న 2025లో వచ్చిన ‘ఇన్ఫినిటీ కాసిల్’ ఈ రకం.

ముగెన్ ట్రైన్ 2020 అక్టోబరు 16న జపానులో విడుదలైంది. కరోనా కాలంలో కూడా 4,000 కోట్ల యెన్లు దాటించి, 2001 నాటి మియజాకి అనే జపాను దర్శకుడి సినిమా రికార్డుని తిరగరాసింది. మొదటి సీజన్ 26వ ఎపిసోడ్‌లో కుర్రాళ్లు రైలెక్కుతారు, అక్కణ్నుంచే సినిమా. ఎపిసోడ్ ఒకటి 24 నిమిషాలు. అంటే మొత్తం పదిన్నర గంటలు. అంత తీరిక మనకెక్కడిది? అందుకే మా అమ్మాయిని కూర్చోబెట్టి చిట్టా రాయించాను. 1 నుంచి 5 వరకు వరసగా. తర్వాత 8, 12, 17, 19, 22, 26. పదకొండు ఎపిసోడ్లు, నాలుగున్నర గంటల్లోపు అయిపోతాయి. రోజుకి రెండు చొప్పున రాత్రి భోజనాలయ్యాక చూశాను.

ఇందులో మొదటిది మాత్రం ఎవరేం చెప్పినా వదలకండి. వీపు మీద పెట్టె మోసే ఆ కుర్రాడే తంజిరో, బొగ్గులమ్ముకునేవాడు. ఒక రాత్రి ఇంటికి రాలేక కొండ కింద వేరేవాళ్లింట్లో పడుకుంటాడు. తెల్లారి వెళ్లేసరికి తల్లి, తమ్ముళ్లు, చెల్లి రాక్షసుడి చేతిలో పోయి ఉంటారు. పెద్ద చెల్లెలు నెజుకో ఒక్కతే మిగిలింది, అదీ రాక్షసిగా మారిపోయి. పెట్టెలో ఉన్నది ఆ పిల్లే. వెదురుముక్క ఎవర్నీ కరవకుండా. ఇక సినిమాలోకి రండి. రైల్లో అందర్నీ నిద్రపుచ్చి, ఎవరికి కావాల్సిన కల వాళ్లకిస్తాడు ఒక రాక్షసుడు. తంజిరోకి వచ్చే కలలో ఇంట్లో అందరూ బతికే ఉంటారు. మొదటి ఎపిసోడ్ చూడనివాడికి అక్కడ ఒక కుటుంబం భోజనం చేస్తున్నట్టు ఉంటుంది, అంతే. నాకు మొదటిసారి అంతే అనిపించింది. రెండోసారి చూసినప్పుడు కళ్లజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది.

పెద్దవాళ్లకి ఇంకో పట్టు కూడా ఉంది. కథ జరిగేది జపానులో తైషో కాలం, 1912 నుంచి 1926 దాకా. అప్పటికే మన రాజమండ్రి హేవలాక్ బ్రిడ్జి మీద రైళ్లు తిరుగుతున్నాయి, అది 1900 నాటిది కదా. సినిమాలో బొగ్గు ఇంజను కూత వినగానే మా నాన్న చెప్పిన గోదావరి దాటిన కబుర్లన్నీ గుర్తొచ్చాయి. కోటిపల్లి–నర్సాపురం లైను కోసం ఎదురుచూసీ చూసీ ముసలాళ్లమైపోతున్న కోనసీమ వాళ్లం, ఎవరి రైలైతేనేం, చూసి ఆనందిస్తాం. ఆయ్!

ఒక తికమక ముందే చెప్పేస్తాను. ముగెన్ ట్రైన్ సినిమాగానూ ఉంది, 2021లో ఏడు ఎపిసోడ్లుగానూ వచ్చింది. రెండూ ఒకే కథ. ఏడింటిలో మొదటిది మాత్రం కొత్తది, రెంగోకు అనే యోధుడు రైలెక్కకముందు కథ. అదొక్కటి చూసి మిగతాదానికి సినిమా పెట్టుకోండి. నేను తెలియక రెండూ చూసి ఓ ఆదివారం పోగొట్టుకున్నాను.

ఇన్ఫినిటీ కాసిల్‌కి అయితే ఇంకాస్త ఓపిక కావాలి. రైలు తర్వాత 11, 11, 8 చొప్పున మూడు విడతల ఎపిసోడ్లున్నాయి, ఆ చివరి ఎనిమిదో దానికి తగిలించుకునే సినిమా మొదలవుతుంది. మరీ తీరిక లేకపోతే ముగెన్ ట్రైన్ చివరి అరగంట, ఆఖరి విడత చివరి ఎపిసోడ్ చూసి, మిగతాది పిల్లల చేత చెప్పించుకోండి. రైలు కథ చివర్లో వచ్చే అకాజా అనే రాక్షసుడు ఇక్కడ మళ్లీ వస్తాడు. వాణ్ని తిట్టుకుని ఉంటేనే ఈ సినిమా రుచి.

మన దగ్గర ఇది 2025 సెప్టెంబరు 12న తెలుగులో కూడా వచ్చింది. రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్లి చూశాం. పిల్లలు జపాను మాటలే బాగుంటాయంటారు. కింద అక్షరాలు చదువుతూ బొమ్మ చూడటం నా వల్ల కాదని తెలుగుకే పట్టుబట్టాను. రెండు గంటల ముప్పై ఐదు నిమిషాల సినిమా. వాళ్లు ఇంటర్వెల్ అనుకుని తీసింది కాదు, మన హాలు వాళ్లే ఎక్కడో ఒకచోట ఆపుతారు. మాకు కత్తి గాల్లో ఉండగా లైట్లేశారు. కాబట్టి ఇంటర్వెల్ దాకా ఆగుదాం అనుకోకుండా ముందే బాత్రూం పని చూసుకోండి. ఆఖరి పోట్లాట మధ్యలో కథ వెనక్కి వెళ్లి అకాజా పూర్వం మొదలవుతుంది. పోట్లాట ఆగింది కదా అని చాలామంది అప్పుడే పాప్‌కార్న్‌కి లేచారు. సినిమా మొత్తానికి అసలు ముక్క అదే. లేవకండి.

మరీ చిన్నపిల్లల్ని తీసుకెళ్లొద్దు. జపానులోనే పన్నెండేళ్ల లోపు వాళ్లకి పెద్దల సలహా ఉండాలన్న సర్టిఫికెట్ ఈ రెంటికీ ఇచ్చారు. బొమ్మలే కదా అనుకుంటాం గానీ తలలు తెగుతాయి, రక్తం కారుతుంది. ముగెన్ ట్రైన్‌లో కలలోంచి బయటపడటానికి తంజిరో చేసే పని అయితే మా అక్క మనవడికి నేను చూపించను. వాడికి ఆరేళ్లు. వాడికి డోరేమాన్ చాలు.

ఇన్ఫినిటీ కాసిల్ మూడు భాగాల్లో మొదటిది. రెండోది వచ్చేలోపు మా ఆవిడకి ఆ పదకొండు ఎపిసోడ్లూ చూపించాలని పట్టుమీదున్నాను. రెండయ్యాయి. మూడోది పెట్టగానే “ఆ పిల్ల నోట్లో వెదురుముక్క తీసి ఇంత అన్నం పెట్టొచ్చు కదండీ” అంది.