లాగిన్ అయినా జర్నల్ వ్యాసం తెరుచుకోకపోతే

లక్షణం: సారాంశం కనబడుతుంది కానీ, పీడీఎఫ్ మీద నొక్కగానే సైటు డబ్బు కట్టమంటుంది.

మొదట చూడవలసింది మీరు ఏ దారిన వెళ్ళారన్నది. ప్రచురణకర్తల సైట్లు చాలావరకు క్యాంపస్ ఐపీ చిరునామాను (ఇంటర్నెట్‌లో ఆ నెట్‌వర్కును గుర్తించే సంఖ్యను) బట్టి విశ్వవిద్యాలయ పాఠకులను గుర్తుపడతాయి కాబట్టి, ఇంటి నుంచి నేరుగా వెళితే మీరు వాటికి బయటివారే. లైబ్రరీ పేజీలో లాగిన్ అయి, అక్కడి లింకు ద్వారానే వెళ్ళండి. ఈ ఒక్క పని చేయకుండానే "మన లైబ్రరీకి ఈ పత్రిక రాదు" అని తేల్చేసుకునేవారిని లెక్కలేనంతమందిని చూశాను.

లాగిన్ అయ్యాక కూడా తాళమే (డబ్బు కట్టమనే ఆ అడ్డే) కనబడితే, అసలు చిక్కు వేరే ఉంది. లైబ్రరీ ఆ పత్రికను ప్రచురణకర్త దగ్గర కాక, ఎబ్స్కో, ప్రోక్వెస్ట్, జేస్టోర్ వంటి సంకలన డేటాబేసు (అనేక ప్రచురణకర్తల పత్రికలను ఒకేచోట అందించేది) ద్వారా తీసుకుని ఉండవచ్చు. గూగుల్ స్కాలర్‌లోని శీర్షికా, డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) లింకూ సాధారణంగా మిమ్మల్ని ప్రచురణకర్త పేజీకే చేరుస్తాయి. ఆ పేజీకి తన చందాల సంగతే తప్ప లైబ్రరీ మరోచోట కొన్న హక్కుల సంగతి తెలియదు. ఒకసారి నేను ఆ తాళాన్నే నమ్మి, ఒక పరిశోధక విద్యార్థికి వ్యాసం లేదని చెప్పి, మరో లైబ్రరీ నుంచి తెప్పించమని పంపాను. అది మా జేస్టోర్ చందాలోనే ఉంది. ఆ విద్యార్థి కోల్పోయిన రోజులు నాకు ఇప్పటికీ బాధగానే ఉన్నాయి.

అందుచేత లైబ్రరీ ఈ-జర్నళ్ళ జాబితాలో వ్యాసం పేరుతో కాక పత్రిక పేరుతో, వీలైతే ఐఎస్ఎస్ఎన్‌తో (పత్రికను గుర్తించే ఎనిమిది అంకెల సంఖ్యతో) వెతకండి. అక్కడ ప్రతి డేటాబేసు పక్కనా అందుబాటులో ఉన్న సంవత్సరాలు ఉంటాయి. మీ వ్యాసం వెలువడిన సంవత్సరం ఆ పరిధిలో పడుతుందో లేదో చూడండి. కొన్ని డేటాబేసులు తాజా సంచికలను ఏడాదిపాటు ఆపి ఉంచుతాయి. జేస్టోర్‌లో చాలా పత్రికలకు ఈ వ్యవధి మూడు నుంచి ఐదేళ్ళు. పాత వ్యాసమైతే పత్రిక పేరు మారిందేమో కూడా చూడాలి: 'బులెటిన్ ఆఫ్ ది స్కూల్ ఆఫ్ ఓరియంటల్ స్టడీస్' పేరులో 1940లో 'అండ్ ఆఫ్రికన్' చేరింది కనుక, అంతకుముందరి సంపుటాలు కొత్త పేరు కింద కనబడకపోవచ్చు.

కుకీలు అడ్డుపడటం, లింకు తప్పు సంపుటానికి పోవడం అరుదు. మరో బ్రౌజరులో ప్రయత్నిస్తే, లేదా సంపుటం, పుట సంఖ్యలతో నేరుగా వెతికితే తేలిపోతుంది.

నిజంగానే చందా లేదని తేలితే, రచయిత తన సంస్థ రిపాజిటరీలో (సంస్థ తన వారి రచనలను దాచే ఆన్‌లైన్ భాండారంలో) ఉచిత ప్రతి ఉంచారేమో చూసి, అదీ లేకపోతే అంతర్ గ్రంథాలయ సేవకు (మరో లైబ్రరీ నుంచి తెప్పించే సేవకు) డీఓఐతో సహా అర్జీ పెట్టండి.