టరాంటులా డబ్బాలో తేమ సరిగ్గా ఉంచడం ఎలా?

టరాంటులా అనే పెద్ద వెంట్రుకల సాలీడును పెంచుకోవడానికి తెచ్చుకున్న కొత్తలో చాలామంది దానితోపాటే ఒక స్ప్రే బాటిల్, గాలిలో తేమ శాతం చూపే ఒక హైగ్రోమీటర్ కూడా కొంటారు. పొద్దునా సాయంత్రం డబ్బాలో నీళ్లు చల్లడం, ముల్లు 70 దాటిందా లేదా అని టెన్షన్ పడటం. నేనూ అదే చేశాను. అద్దం నిండా ఆవిరి పట్టేది, సాలీడేమో నేల మీద కాలు పెట్టకుండా మూడు రోజులు గోడకే అతుక్కుని ఉండిపోయింది. చల్లిన నీళ్లు కాసేపటికి ఆరిపోతాయి, ముల్లు మళ్లీ కిందికి దిగుతుంది. తేమ ఉండాల్సింది మట్టిలో. గాలిలో ఎంత శాతం ఉందన్న లెక్క పక్కన పెట్టేయొచ్చు.

ముందు మీ సాలీడు ఏ రకమో చూడండి

మెక్సికన్ రెడ్ నీ, చిలీ రోజ్ లాంటివి పొడి నేలకు అలవాటుపడినవి. వాటికి పొడి మట్టి, ఒక నీళ్ల గిన్నె చాలు. గిన్నె నింపేటప్పుడు అప్పుడప్పుడు కాస్త పొర్లనిస్తే ఆ పక్కన చెమ్మ చేరుతుంది. గోలియత్ బర్డ్ ఈటర్ వానలు పడే అడవుల జీవి, దానికి మట్టి ఎప్పుడూ తడిగానే ఉండాలి. కోబాల్ట్ బ్లూ లోతైన బొరియలో బతుకుతుంది కాబట్టి అడుగు పొరల్లో తడి ఆరకూడదు. చెట్ల మీద ఉండే పింక్ టో సంగతి వేరు. దానికి నీళ్లకంటే గాలి ముఖ్యం, గాలి ఆడని చెమ్మలో ఎక్కువ రోజులు బతకదు.

సాలీడు పిల్లల విషయంలో మాత్రం రకంతో పని లేదు. వాటి చర్మం పలచన, ఒంట్లో నీరు త్వరగా ఆరిపోతుంది. పొడి రకం పిల్లయినా డబ్బాలో ఒక మూల తడిగా ఉంచండి.

మట్టి

కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), రసాయనాలు కలపని తోటమట్టి ఏదైనా పనికొస్తుంది. తడిపాక ఒక గుప్పెడు తీసుకుని గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారితే తడి ఎక్కువైంది. పిడికిలి తెరవగానే పొడిపొడిగా రాలిపోతే తక్కువైంది. ముద్దలా నిలబడి, చేతికి చల్లగా తగులుతూ, చుక్క కూడా కారకపోతే తేమ ఇష్టపడే రకాలకు అది సరైన పదను. పొడి రకానికైతే నానబెట్టిన కోకోపీట్‌ను వెంటనే వేయకండి, పరిచి బాగా ఆరనివ్వండి. మట్టి నింపేటప్పుడు పొరపొరకూ చేత్తో అదమండి, వదులుగా ఉంటే బొరియ కూలిపోతుంది.

నీళ్లు పోయడం

మట్టి నింపేటప్పుడే ఒక మూల సన్నటి గొట్టం నిలువుగా అడుగుదాకా దించి ఉంచండి. తర్వాత నీళ్లన్నీ అందులోంచే పోయండి. అడుగు తడుస్తుంది, పైన పొడిగా ఉంటుంది, సాలీడు తనకు నచ్చిన చోట కూర్చుంటుంది. పక్క నుంచి అద్దంలో చూస్తే తడి మట్టి ముదురు రంగు పట్టీలా కనబడుతుంది. ఆ పట్టీ బాగా సన్నబడ్డప్పుడు మళ్లీ పోయండి. వారానికి ఒకసారా, నెలకు ఒకసారా అన్నది మీ గది వేడిని బట్టి, గాలిని బట్టి మారుతుంది కాబట్టి క్యాలెండర్ చూసి పోయకండి. బొరియ నోట్లో మాత్రం ఎప్పుడూ పోయొద్దు.

మూత తీసి పని చేయాల్సివస్తే సాలీడు మీద ఒక కప్పు బోర్లించండి. అమెరికా ఖండాల రకాలు చాలావరకు పొట్ట మీది వెంట్రుకలు విదిలిస్తాయి. అవి కంట్లో పడితే చాలా ప్రమాదం.

నీళ్ల గిన్నెలో స్పాంజ్, దూది పెట్టకండి, వాటిలో క్రిములు పెరుగుతాయి. సాలీడు మునిగిపోతుందన్న భయం అక్కర్లేదు. పిల్లలకు సీసా మూతంత గిన్నె చాలు.

గాలి, బూజు

ఎదురెదురు గోడలకు రంధ్రాలుంటే గాలి అటూ ఇటూ ఆడుతుంది. అద్దానికి పట్టిన ఆవిరి రోజంతా వదలకపోతే రంధ్రాలు తక్కువని అర్థం. తినగా మిగిలిన కీచురాయి ముక్కలు మర్నాడే తీసేయండి, బూజు ముందు వాటికే పడుతుంది. తడి డబ్బాల్లో స్ప్రింగ్‌టెయిల్స్ అనే చిన్న పురుగుల్ని వదిలితే ఆ బూజును అవే తినేస్తాయి.

సాలీడును చూసి తెలుసుకోవడం

పొట్ట ముడతలు పడి చిన్నబోతే, ఎప్పుడూ గిన్నె మీదే కూర్చుంటే దానికి దాహంగా ఉన్నట్టు. కాళ్లు పిడికిలిలా కిందికి ముడుచుకుపోతే ప్రమాదం ముదిరినట్టే. టరాంటులా కాళ్లను మడిచేది కండరాలు, చాచేది మాత్రం చాలావరకు ఒంట్లోని ద్రవం ఒత్తిడి. నీరు తగ్గితే ఆ ఒత్తిడీ తగ్గుతుంది. అప్పుడు లోతు లేని గిన్నెలో నీళ్లు పోసి, దాని నోరు మాత్రం నీళ్లను తాకేలా మెల్లగా ఆనించండి. పొట్ట బయటే ఉండాలి. రెండు జతల ఊపిరితిత్తులూ పొట్ట అడుగునే ఉంటాయి, అవి మునిగితే ఊపిరి ఆడదు.

వెల్లకిలా పడి ఉంటే మాత్రం కంగారుపడి తిప్పకండి, నీళ్లు చల్లకండి. అది చావలేదు, కుబుసం విడుస్తోంది. పెద్దవాటికి గంటల తరబడి పడుతుంది. లేచాక కోరలు తెల్లగా, మెత్తగా ఉంటాయి. అవి నల్లబడేదాకా తిండి వేయొద్దు, నీళ్ల గిన్నె మాత్రం నిండుగా ఉంచండి.