పాత మిల్లు భవనం చరిత్రను వెలికితీయడం ఎలా: నాందేడ్ ప్రాంత పాఠకులకు ఒక మార్గదర్శిని

పాత మిల్లు చరిత్ర రాయబూనినవారు సాధారణంగా స్థాపకుడి పేరుతో, ప్రారంభ సంవత్సరంతో మొదలుపెడతారు. నా సలహా దీనికి విరుద్ధం. ఆ భవనం నేడు గోదాముగానో, ఫంక్షన్ హాలుగానో, తాళం వేసిన ఖాళీ షెడ్డుగానో ఎలా ఉందో అక్కడినుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క వాడకాన్నీ దాటుకుంటూ వెనక్కి నడవాలి. తరువాత చేసిన మార్పులను ముందుగా గుర్తించకపోతే వాటినే అసలు కట్టడంగా పొరబడే ప్రమాదం ఉంది.

ఇంగ్లండులోని ష్రూస్‌బరీలో 1797లో కట్టిన డిథరింగ్టన్ మిల్లు ఇందుకు మంచి ఉదాహరణ. ఇనుప చట్రంతో నిర్మించిన తొలి బహుళ అంతస్తుల భవనంగా పేరొందిన ఈ కట్టడంలో మొదట అవిసె నార వడికేవారు. విక్టోరియా పాలన చివరి దశలో, 1897లో, దానిని బార్లీ గింజలను మొలకెత్తించే మాల్ట్ శాలగా మార్చినప్పుడు చాలా కిటికీలను ఇటుకలతో మూసేశారు. వడికేవారికి వెలుతురు కావాలి, మొలకెత్తించేవారికి అక్కరలేదు. అందువల్ల మూసేసిన కిటికీ కనిపించిన ప్రతిచోటా ఆగి, ఇటుక కొలతనూ, సున్నం వాడారా సిమెంటు వాడారా అన్నదీ పుస్తకంలో రాసుకోండి. వాడకం మారిన కాలం తరచుగా అక్కడే దొరుకుతుంది.

తరువాత భవనం ఆకారాన్ని చదవాలి. ఆవిరి యంత్రం నుంచి నిలువుగా పై అంతస్తులకు శక్తిని పంపగలిగినందువల్ల వడుకు మిల్లులను అంతస్తులుగా కట్టేవారు. మగ్గాల అదురు తట్టుకోవడానికీ, పైనుంచి వెలుతురు రావడానికీ నేత షెడ్లను ఒకే అంతస్తుగా, రంపపు పళ్లవంటి పైకప్పుతో నిర్మించేవారు. ఆ కప్పు అద్దాలు ఉత్తరం వైపు ఉంటే నేరుగా ఎండ చాలావరకు పడదు. పొగగొట్టానికి దగ్గరలో ఎత్తైన ఇరుకు గది ఉంటే అది ఇంజను గది కావచ్చు. స్తంభాల పైభాగంలో బ్రాకెట్లు, గోడలలో వరుసగా రంధ్రాలు ఉంటే అక్కడ ఇంజను శక్తిని యంత్రాలకు అందించే పొడవైన ఇనుప కడ్డీ, అంటే షాఫ్టు, తిరిగేది. విద్యుత్ మోటార్లు వచ్చాక షాఫ్టును పీకేసినా ఆ గుర్తులు చాలాచోట్ల మిగిలే ఉంటాయి.

దూలాల మీద, యంత్రాల పలకల మీద ఉబ్బెత్తుగా కనిపించే పేర్లను ఫొటో తీయండి. ఉక్కు దూలాల మీద బ్రిటిష్ ఉక్కు కంపెనీ డోర్మన్ లాంగ్ పేరూ, యంత్రాల మీద ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్‌కు చెందిన యంత్రాల తయారీ సంస్థ ప్లాట్ బ్రదర్స్ పేరూ కనిపించవచ్చు. అయితే దూలాలనూ యంత్రాలనూ పాతవిగా కొని తెచ్చేవారు కాబట్టి, ఈ పేర్లను మాత్రమే నమ్మి భవనం వయసు నిర్ణయించకూడదు. పైకప్పు పాత సిమెంటు రేకులైతే వాటిలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండవచ్చు. వాటిని ముట్టుకోవద్దు, యజమాని అనుమతి లేకుండా లోపలికి వెళ్లవద్దు.

కాగితాల విషయంలో మహారాష్ట్ర-తెలంగాణ సరిహద్దు జిల్లాలకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. నాందేడ్ 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. అందువల్ల నిజాం కాలంలో పెట్టిన ఉస్మాన్‌షాహీ మిల్లువంటి వాటి గురించి వెతికేవారు హైదరాబాదులోని రాష్ట్ర ఆర్కైవ్స్‌ను, అందులోనూ ఉర్దూ దస్త్రాలను, తప్పక చూడాలి. చంద్రాపూర్ మాత్రం బ్రిటిష్ మధ్య పరగణాలలో ఉండేది, కాబట్టి ఆ వైపువారు నాగపూర్ దిక్కు చూడాలి. భూమి చేతులు మారిన క్రమాన్ని సిటీ సర్వే ఆఫీసులోని ప్రాపర్టీ కార్డు, పల్లె భూమి అయితే సాత్‌బారా ఉతారా (7/12 భూమి రికార్డు నకలు) చెబుతాయి.

ఈ పని ఆలస్యం చేయకూడదు. జంషెడ్జీ టాటా 1877 జనవరి 1న ప్రారంభించిన నాగపూర్ ఎంప్రెస్ మిల్లు స్థలంలో ఇప్పుడు షాపింగ్ మాల్ ఉంది. ఇంగ్లండులో 1853లో తెరిచిన సాల్ట్స్ మిల్లు 1986లో మూతపడింది, కానీ మరుసటి ఏడాదే దానిని కొన్న వ్యాపారి చిత్రశాలకు చోటిచ్చినందువల్ల భవనం నిలిచింది.

చివరగా, మిల్లులో పనిచేసినవారి ఇళ్లకు వెళ్లండి. ఏ సంవత్సరంలో అని అడిగితే పెద్దవారికి గుర్తు రాకపోవచ్చు. పోలీసు చర్యకు ముందా తరువాతా, 1972 కరువు నాటికి భోంగా (మిల్లు సైరన్) మోగేదా లేదా అని అడిగితే జవాబు సులభంగా వస్తుంది. తెలుగూ మరాఠీ కలిసిన వారి మాటను సరిదిద్దకుండా ఉన్నదున్నట్టుగా రాసుకోండి. ఆ మాటకూ ప్రాపర్టీ కార్డుకూ పొంతన కుదరకపోతే ఒకదాన్ని కొట్టివేయకుండా రెండింటినీ పక్కపక్కన ఉంచి, మళ్లీ భవనం దగ్గరకు వెళ్లి గోడను పరిశీలించండి.