రెప్లికేషన్ గీతను కుడి నుంచి ఎడమకు గీయండి

బ్యాక్టీరియా తన డీఎన్‌ఏను కాపీ చేయడం (రెప్లికేషన్) ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో తేల్చాలంటే, ఒక్కో కణంలో ఎంత డీఎన్‌ఏ ఉందో కొలిచే ఫ్లో సైటోమీటర్ దగ్గరికి వెళ్లేముందు నేను కాగితం, పెన్సిల్, రబ్బరు పట్టుకుని కూర్చుంటాను. ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు ఇది నా చాదస్తం అనుకుంటారు. అనుకోనివ్వండి.

సమస్య ఇదీ. 37 డిగ్రీల్లో, మంచి మీడియాలో (పోషక ద్రవంలో) ఈ.కోలి బ్యాక్టీరియా 20 నిమిషాలకోసారి రెండవుతుంది. కానీ దాని 46 లక్షల బేస్ జతల క్రోమోజోమ్‌ను కాపీ చేయడానికే 40 నిమిషాలు కావాలి. కాపీ మొదలయ్యే చోటైన ఓరిజిన్ నుంచి రెండు ఫోర్కులు, అంటే కాపీ జరిగే కొనలు, చెరో వైపు సెకనుకు దాదాపు వెయ్యి బేసులు దాటుతూ పోయినా అంతే. కాపీ ముగిశాక కణం విడిపోవడానికి ఇంకో 20 నిమిషాలు. గంట పని 20 నిమిషాల్లో ఎలా అవుతోంది? దీని లెక్కను 1968లో కూపర్, హెల్మ్‌స్టెటర్ తేల్చారు: కణం పని తొందరగా ముగించదు, ముందే మొదలుపెడుతుంది.

ముందు మీ కల్చర్ (పెంచుతున్న బ్యాక్టీరియా) రెట్టింపయ్యే సమయం, అంటే డబ్లింగ్ టైమ్, మీరే కొలవండి. పక్కవాళ్ల నోట్‌బుక్‌లోంచి తీసుకోవద్దు. అది 40 నిమిషాలు వచ్చిందనుకుందాం. గడికో నిమిషం చొప్పున 40 గడుల గీత గీసి, ఎడమ చివర పుట్టుక, కుడి చివర విభజన అని రాయండి. ఇక్కడే అందరూ పొరపాటు చేస్తారు, పుట్టుక దగ్గర రెప్లికేషన్ మొదలుపెట్టి ముందుకు లెక్కపెడతారు. అలా చేయకండి. విభజన నుంచి వెనక్కి రండి.

20 గడులు వెనక్కి వస్తే కాపీ ముగిసే చోటు. అక్కడినుంచి ఇంకో 40 వెనక్కి పోవాలి, కానీ గీతలో 20 గడులే మిగిలాయి. అప్పుడు దాని ఎడమవైపే తల్లి కణం గీత గీసి అందులోకి వెళ్లండి. తల్లి గీతలో 20వ గడి దగ్గర ఆగుతారు. మొదలు అక్కడ. తల్లి చేసినదే కూతురూ చేస్తుంది కాబట్టి కూతురి గీతలోనూ 20వ గడి దగ్గర మొదలు గుర్తు పెట్టండి.

ఇప్పుడు ఓరిజిన్లు లెక్కపెట్టండి. పుట్టిన కణంలో సగం కాపీ అయిన ఒక క్రోమోజోమ్ ఉంది, అంటే రెండు ఓరిజిన్లు. 20వ నిమిషంలో పాత రౌండు (ఒక విడత కాపీ) ముగిసి, కొత్తది మొదలై నాలుగవుతాయి. పెరుగుతున్న కల్చర్‌లో చిన్న వయసు కణాలే ఎక్కువ కాబట్టి వాటా సగం సగం రాదు: దాదాపు 59 శాతం కణాల్లో రెండు, 41 శాతంలో నాలుగు.

దీన్ని సరిచూడటానికి కల్చర్‌లో రిఫాంపిసిన్, సెఫలెక్సిన్ అనే యాంటీబయాటిక్‌లు కలిపి మూడు నాలుగు గంటలు ఉంచుతాం. మొదటిది కొత్త రౌండ్లు మొదలుకానివ్వదు, రెండోది కణాన్ని విడిపోనివ్వదు. సగంలో ఉన్న కాపీలు మాత్రం పూర్తవుతాయి. అందుకే మందు వేసిన క్షణంలో ఎన్ని ఓరిజిన్లున్నాయో చివరికి అన్ని పూర్తి క్రోమోజోములు మిగులుతాయి. ఫ్లో సైటోమీటర్ గ్రాఫులో ఒక్కో సంఖ్య దగ్గర ఒక శిఖరంలా అవి కనిపిస్తాయి. నెమ్మదిగా పెరిగే కల్చర్‌ను కొలతకు పక్కన పెట్టుకోండి, గ్రాఫులో ఒక క్రోమోజోమ్ శిఖరం ఎక్కడో రెండుది ఎక్కడో అది చూపిస్తుంది.

ఒకసారి నాకు రెండు, నాలుగుతో పాటు ఒకటి దగ్గర కూడా మంచి ఎత్తున శిఖరం వచ్చింది. అదేదో కొత్త సంగతి అనుకుని రాత్రంతా టెన్షన్‌తో కూడిన సంతోషం. తెల్లారి గీత తీసి చూస్తే 40 నిమిషాల కణంలో ఏ వయసులోనూ ఒకే ఓరిజిన్ ఉండటానికి వీల్లేదు. అంటే మందు వేశాక కూడా కణాలు విడిపోయాయి. ఫ్రిజ్‌లో నేను ఎప్పుడో కలిపి మర్చిపోయిన సెఫలెక్సిన్ ద్రావణం చెడిపోయింది. కొత్తగా కలిపితే ఆ శిఖరం పోయింది.

మూడు, ఐదు, ఆరు దగ్గర శిఖరాలు వస్తే విషయం వేరు. ఆరోగ్యంగా ఉన్న కణంలో ఓరిజిన్లన్నీ దాదాపు ఒకేసారి మొదలవుతాయి. మొదలుపెట్టేది ఏటీపీ (కణంలో శక్తినిచ్చే అణువు) పట్టుకున్న డీఎన్‌ఏఏ (DnaA) ప్రోటీన్. మొదలైన వెంటనే మళ్లీ మొదలుకాకుండా సెక్ఏ (SeqA) అనే ప్రోటీన్ అడ్డుపడుతుంది. ఓరిజిన్‌లో జీఏటీసీ (GATC) అనే నాలుగు బేసుల వరుస ఉన్న చోట్లు 11 ఉన్నాయి, కొత్త పోగుకు ఇంకా మిథైల్ గుర్తు (పాత పోగు మీద ఉండే రసాయన ముద్ర) పడకముందే సెక్ఏ వాటిమీద కూర్చుంటుంది. సెక్ఏ లేని రకంలో ఈ క్రమశిక్షణ పోయి ఇలాంటి సంఖ్యలు కనిపిస్తాయి.

విభజన వైపు కూడా కాపలా ఉంది. కణం మధ్యలో అది విడిపోయే చోట ఎఫ్‌టీఎస్‌జెడ్ (FtsZ) అనే ప్రోటీన్ ఉంగరం కడుతుంది, డీఎన్‌ఏ ఇంకా అక్కడే ఉంటే ఎస్‌ఎల్‌ఎమ్ఏ (SlmA) అనే ప్రోటీన్ కట్టనివ్వదు. అయితే కాపీ ముగియడమే విభజనకు అసలు సంకేతమా, లేక రెండూ వేటికవే నడుస్తాయా అన్నది ఇంకా వాదనలోనే ఉంది. మన గీత 40, 20 అనే అంకెల్ని వాడుకుంటుంది, కారణం చెప్పదు. డబ్లింగ్ టైమ్ గంట దాటితే ఆ అంకెలు కూడా పెరుగుతాయి, గుడ్డిగా వాడకండి.

సాధనకు 35 నిమిషాల కణం తీసుకోండి. మొదలు 10వ నిమిషంలో, ముగింపు 15వ నిమిషంలో రావాలి. మధ్య ఐదు నిమిషాలూ ఒకే క్రోమోజోమ్ మీద నాలుగు ఓరిజిన్లు, ఆరు ఫోర్కులు. ఆ బొమ్మ సరిగ్గా వస్తే 20 నిమిషాల కణానికి వెళ్లండి. అందులో అమ్మమ్మ పుట్టినప్పుడు మొదలైన కాపీతో మనవరాలు విడిపోతుంది, పుడుతూనే నాలుగు ఓరిజిన్లు ఎనిమిదవుతాయి. దానికి మాత్రం పెద్ద కాగితం తీసుకోండి.