గ్రూపులోంచి మాస్టారిని తీయడం ఎలా

శ్రీకాకుళంలో మాది రక్తదాతల వాట్సాప్ గ్రూపు. రాజాం, పాలకొండ వాళ్ళు కూడా ఉన్నారు, 2022లో జిల్లాలు విడిపోయినా గ్రూపు మాత్రం విడిపోలేదు. ఎవరికీ జీతం లేదు, అందరూ వాలంటీర్లే. అందుకే ఎవరినీ ఏమీ అనలేం అనుకుని మొదట్లో చాలా రోజులు ఊరుకున్నాం. ఊరుకుంటే ఏమైందంటే, పనికొచ్చే నలుగురు చప్పుడు చేయకుండా వెళ్ళిపోయారు, గుడ్ మార్నింగులు పెట్టేవాళ్ళు మిగిలారు.

ఇలాంటి గ్రూపు మీరూ నడుపుతుంటే, రూల్స్ రాసే ముందు ఒక పూట కూర్చుని పాత చాట్ అంతా పైకి జరుపుతూ చదవండి. ఎక్కడ గొడవ మొదలైంది, ఎవరు ఎప్పుడు వెళ్ళిపోయారు అన్నది చూస్తే మీకు కావలసిన రూల్స్ అక్కడే దొరుకుతాయి. ఎక్కడినుంచో ముప్పై రూల్స్ కాపీ కొట్టి పెడితే ఎవరూ చదవరు, మీరు కూడా చదవరు. మాకు ఐదు తేలాయి. రక్తం కావాలన్న మెసేజ్‌లో తేదీ, ఆసుపత్రి, పేషెంటు తాలూకు వాళ్ళ ఫోన్ నంబరు ఉండాలి, అవసరం తీరగానే పెట్టినవాళ్ళే తీసేయాలి. ఆడవాళ్ళ నంబరు గ్రూపులో ఇవ్వకూడదు, అడ్మిన్ ద్వారానే మాట్లాడాలి. డబ్బు మాట రాకూడదు (మన దేశంలో రక్తం అమ్మడం ఎలాగూ నిషేధం). రానన్నవాళ్ళని ఎందుకు రారని నిలదీయకూడదు. ఒకసారి ఇస్తే మగవాళ్ళు మూడు నెలలు, ఆడవాళ్ళు నాలుగు నెలలు ఆగాలి, ఆ సంగతి అందరి ముందూ చెప్పుకోవలసిన ఖర్మ ఎవరికీ ఉండకూడదు. ఐదోది, పార్టీలూ కులాలూ వద్దు.

రాయడం ఒక గంట పని. అసలు తలనొప్పి అమలు దగ్గరే. వికీపీడియా వెనకున్న వికీమీడియా ఫౌండేషన్ అంతటిది కూడా ప్రవర్తనా నియమావళిని 2020 డిసెంబరులో ఆమోదించుకుంది గానీ, దాన్ని ఎలా అమలు చేయాలన్న మార్గదర్శకాలకి ఆమోదం దొరికేసరికి 2023 వచ్చింది. మనకి అంత టైం అక్కర్లేదు. తప్పు జరిగితే ఎవరు, ఎంతసేపట్లో, ఏం చేస్తారన్నది ముందే రాసుకుంటే చాలు.

మా పద్ధతి ఇది. మొదటిసారి మెసేజ్ తీసేసి, మనిషికి విడిగా రాస్తాం. గ్రూపులో అందరి ముందూ అనం, పరువు పోయిందనుకుంటే ఎంత మంచివాడైనా ఎదురు తిరుగుతాడు. రెండోసారి ఫోన్ చేస్తాం. మూడోసారి ఒక నెల బయట. ఎవరిని ఎందుకు ఏ రోజు తీశామో ఒక నోటుబుక్కులో రాస్తాం, లేకపోతే ఆరు నెలల తర్వాత “నన్నొక్కడినే తీశారు” అన్నవాడికి జవాబు ఉండదు. ముగ్గురు అడ్మిన్లు ఉండాలి, ముగ్గురూ ఒకే ఊరివాళ్ళో ఒకే పార్టీవాళ్ళో కాకూడదు. గొడవ పడ్డ అడ్మిన్ ఆ గొడవలో తీర్పు చెప్పకూడదు. మా బావమరిది విషయంలో నేను తప్పుకుని మిగతా ఇద్దరికీ వదిలేశాను, ఇంట్లో వారం రోజులు నాకు కాఫీ చల్లారిపోయే వచ్చింది.

ఈ మెట్లన్నీ మామూలు తప్పులకే. ఆడవాళ్ళకి రాత్రిళ్ళు మెసేజ్‌లు పెట్టినవాడికి రెండో అవకాశం లేదు, స్క్రీన్‌షాట్ తీసుకుని అప్పుడే తీసేయండి, ఆ అమ్మాయి కేసు పెడతానంటే వెంట నిలబడండి. రక్తం పేరు చెప్పి అడ్వాన్స్ వేయించుకున్నవాడి సంగతైతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి.

ఇక మాస్టారు. రిటైరయ్యారు, గ్రూపులో సగం మందికి పాఠం చెప్పారు, నాకు కూడా. వచ్చిన ప్రతి మెసేజూ ఫార్వర్డ్ చేస్తారు. “మాస్టారూ, నమస్కారం. పొద్దున్న మీరు పెట్టిన దాంట్లో తేదీ లేదండీ, తీసేశాను. ఆ నంబరుకి ఫోన్ చేసి కనుక్కుని, తేదీ వేసి మళ్ళీ పెట్టండి” అని రాశాను. తర్వాత ఫోన్ చేశాను. “ఏటి బాబూ, నాలుగు ముక్కలు పంపితే తప్పేటి?” అన్నారు. మూడోసారి, ఆయన పెట్టిన అర్జెంట్ మెసేజ్ చూసి టెక్కలి కుర్రాడొకడు రాత్రి వానలో యాభై కిలోమీటర్లు బైకు మీద వచ్చాడు. పేషెంటు డిశ్చార్జి అయ్యి అప్పటికి పది రోజులైంది.

నేను వాళ్ళింటికి వెళ్ళి, ఆ కుర్రాడి సంగతి చెప్పి, ఆయన ముందే ఫోన్ తీసి ఆయన్ని గ్రూపులోంచి తీశాను. నెల తర్వాత ఫలానా రోజు మళ్ళీ చేరుస్తానని చెప్పాను, ఆ రోజే చేర్చాను. ఈ రెండోది చాలామంది మర్చిపోతారు, చెప్పిన తేదీకి మనమే పిలవాలి, వాళ్ళు అడుక్కునేదాకా ఆగకూడదు. ఇప్పుడు మాస్టారు ముందు ఫోన్ చేసి కనుక్కున్నాకే పెడుతున్నారు. గుడ్ మార్నింగులు మాత్రం నాకొక్కడికే విడిగా పంపుతున్నారు, పొద్దున్న ఐదింటికి.