పండక్కి ఊరెళ్తూ ఇంటికి సీసీ కెమెరా పెట్టిస్తున్నారా?

టెక్నీషియన్ నిచ్చెన దిగకముందే ఇవి చూసుకోండి.

పక్కింటి బాత్‌రూమ్ వెంటిలేటరు, పడకగది కిటికీ ఫ్రేములోకి రాకూడదు. అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఇదే. స్నానం చేస్తున్న, బట్టలు మార్చుకుంటున్న ఆడవాళ్లను చాటుగా రికార్డు చేస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77 కింద మొదటిసారికే 1 నుంచి 3 ఏళ్ల జైలు.

రాత్రి కూడా ఫోన్‌లో లైవ్ చూడండి. పగలు నల్లగా కనిపించే కిటికీ, లోపల లైటు వేశారంటే మంచం దాకా కనిపిస్తుంది. కెమెరా తిప్పడం కుదరకపోతే యాప్‌లో ‘ప్రైవసీ మాస్క్’ పెట్టి ఆ ముక్క మూసేయండి.

అన్నదమ్ముల ఉమ్మడి ఇల్లయితే లోపల పెట్టేముందు అందరినీ అడగండి. అడక్కుండా పెట్టిన కెమెరాలను కలకత్తా హైకోర్టు ఆపించింది. 2025లో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు.

కెమెరాలోని మైకు ఆపేయండి. పిట్టగోడ దగ్గరి కబుర్లు దొంగను పట్టివ్వవు, తగాదా మాత్రం తెస్తాయి.

కెమెరాతో వచ్చిన పాస్‌వర్డ్ మార్చండి. చాలామంది వదిలేసేది ఇదే.

బయల్దేరేముందు పక్కింటివాళ్లకు ఫోన్‌లో ఆ ఫ్రేము చూపించండి: “పిన్నిగారూ, మీ వాకిలి ఇందులో పడట్లేదు, చూడండి.”